ఇంటి మనిషి

లొల్ల లాకులకి దగ్గర్లో, కాలువ పక్కన ఉంటుంది ఆత్రేయపురం. కోనసీమ జిల్లా. ఆ ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ కథ అక్కడే జరిగిందనుకోండి. ఏ కొట్టు, ఎవరు అని మాత్రం వెతక్కండి, దొరకదు. కథ కాబట్టి.

అక్కడొక షావుకారు. ఇరవై రెండేళ్ల కిందట ఒక్క కుండతో వ్యాపారం మొదలెట్టాడు. ఆ కుండ ముందు మొదట కూర్చున్న మనిషి రేకులక్క. ఆవిడ అసలు పేరు లెక్కల పుస్తకంలో ఉండే ఉంటుంది గాని, ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు.

పూతరేకు తీయడం చూడనివాళ్లకి కొంచెం చెప్పాలి. అడుగు పైకి వచ్చేలా కుండ బోర్లిస్తారు. పక్కనున్న కంతలోంచి ఎండు కొబ్బరాకులు తోస్తూ మంట పెడతారు. బాగా పలచగా కలిపిన బియ్యప్పిండిలో నూలు గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క ఊపున లాగుతారు. గుడ్డ అటు దాటేలోపు ఇటు రేకు ఆరిపోతుంది. అంచు పట్టి లేపితే వచ్చేస్తుంది. అంతే పని. ఆ అంతే పని ఇరవై ఏళ్లు చేసినా కొందరికి పట్టుబడదు. మంట కాస్త ఎక్కువైతే రేకు రంగు మారుతుంది, తగ్గితే కుండని పట్టుకు వదలదు. బియ్యం బస్తా మారితే పిండి తీరు మారుతుంది. ముసురు పట్టిన రోజున ఒక రకం, వడగాలి కొట్టిన రోజున ఇంకో రకం. ఇవన్నీ రాసి గోడకి అంటించే సంగతులు కావు. తీసేవాళ్ల మణికట్టులో ఉంటాయి.

రేకులక్క తీసిన రేకు అడ్డం పెట్టుకుని పేపరు చదవొచ్చని షావుకారు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. నిజంగానే చదవొచ్చు.

కూలి నూటికి ఇంత అని. చిరిగినవి లెక్కలోకి రావు. రెండు మూడేళ్లకోసారి షావుకారుకి గుర్తొచ్చినప్పుడు నూటికి ఐదో పదో పెంచేవాడు. గుర్తు రాకపోతే లేదు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. "అడగందే అమ్మైనా పెట్టదు" అనేది షావుకారు ఊతపదం. అడిగినవాళ్లకి ఇచ్చేవాడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. నెయ్యి తెచ్చేవాడు గట్టిగా అడిగితే రేటు పెంచాడు. అట్టపెట్టెల వాడు అడిగితే పెంచాడు. పార్సిల్ కంపెనీ వాళ్లయితే అడగను కూడా అడగలేదు, పెంచిన బిల్లు పంపితే కట్టేశాడు.

ఒకసారి కాలువ అవతల కొత్తగా పెట్టిన కొట్టువాళ్లు రేకులక్క దగ్గరికి కబురంపారు. కూలి ఎక్కువ, పైగా అడ్వాన్సు ఇస్తామన్నారు. "నేను కుండెక్కించిన కొట్టండి అది. ఎలా ఒగ్గేసి వత్తానండి" అందావిడ. ఆ మాట ఆ సాయంత్రానికే షావుకారు చెవిన పడింది. ఆయన గుండె ఉప్పొంగిపోయింది. ఆ తర్వాత నెల్లాళ్లు వచ్చిన ప్రతి బేరగాడికీ చెప్పాడు: "మా రేకులక్కంటే ఏమనుకున్నారు, మా ఇంటి మనిషి!" ఆవిడకి మాత్రం ఆ నెల్లో ఏమీ పెరగలేదు. ఇంటి మనిషికి ఎవరైనా పెంచుతారా?

గుర్తింపు వచ్చాక ఆర్డర్లు పెరిగాయి. హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులు. షావుకారు ఇంకో రెండు కుండలు పెట్టించి, పక్క ఊరి నుంచి ఇద్దరు అమ్మాయిల్ని కుదుర్చుకున్నాడు. ఆ పిల్లలు తెలివైనవాళ్లు, అడిగారు. చెరో ఇరవై వేలు అడ్వాన్సు, నూటికి పాత రేటు మీద ముప్పై రూపాయలు ఎక్కువ. వాళ్లకి పని నేర్పమని రేకులక్కకే అప్పజెప్పాడు. ఆవిడ నేర్పింది. గుడ్డ ఎలా పట్టాలో, రేకు ఏ మూల నుంచి లేపాలో, మంట చప్పుడు విని వేడి ఎలా తెలుసుకోవాలో, ఒక్కటీ దాచకుండా నేర్పింది. వాళ్లు ఆవిణ్ణి "అత్తా" అని పిలిచేవారు.

శనివారం శనివారం బట్వాడా. షావుకారి కొడుకు చదువుకున్నవాడు, లెక్కలు ఫోన్లో పెట్టాడు. పేర్లు, నూర్లు, రేటు, మొత్తం అన్నీ పైకి చదివి డబ్బు ఇచ్చేవాడు. మొదటి శనివారం రేకులక్క పేరు చదివాడు. తర్వాత ఆ ఇద్దరి పేర్లూ చదివాడు. వాడు ఏ పాపమూ ఎరగడు, ఉన్నది చదివాడు. ఆవిడ డబ్బు కొంగున ముడేసుకుని, "వత్తానండి అమ్మగారూ" అని షావుకారి భార్యకి చెప్పి వెళ్లిపోయింది.

సోమవారం మామూలుగానే వచ్చింది. కుండ ముందు కూర్చుంది. లెక్క ప్రకారం నూర్లు తీసింది. ఐదు గంటలకి మంట ఆర్పి లేచింది.

నెల తిరిగేసరికి ఫోన్లు మొదలయ్యాయి. పెట్టె విప్పితే రేకులు విరిగిపోయి ఉన్నాయట. పొడి అయిపోయాయట. షావుకారు ముందు పార్సిల్ వాణ్ణి తిట్టాడు. తర్వాత పెట్టెలు మార్చాడు. నెయ్యి మార్చాడు. కొత్త పిల్లల మీద అనుమానపడి వాళ్లు తీసినవి విడిగా కట్టించాడు. అవీ అంతే, రేకులక్క తీసినవీ అంతే. శ్రావణమాసం, పెళ్లి ఆర్డర్లు. రెండు ఆర్డర్లు వెనక్కి వచ్చాయి.

ఒక రోజు కుండ దగ్గరికి వెళ్లి అడిగాడు.

"అక్కాయ్, రేకు ఎందుకు విరుగుతోంది?"

"బియ్యం మారినియ్యి కదండి, మొన్న ఇరవయ్యో తారీకున వచ్చిన బస్తాలు. పిండి నిలవట్లేదండి."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ గుడ్డ పిండి పక్కన పెట్టింది. "నూటికి ఇంత అన్నారు, నూరు తీత్తన్నానండి. తెల్లారగట్ట వచ్చి పిండి ముట్టుకు చూడటం, బియ్యం నోట్లో ఏసుకు చూడటం, ఆ పిల్లలియ్యి ఏరి పక్కన పెట్టడం... అయ్యన్నీ ఇంటి మనిషి పనులండి."

కోపంగా అనలేదు. దెప్పినట్టూ అనలేదు. నెయ్యి డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

ఆ రాత్రి షావుకారు అటక మీద నుంచి పాత లెక్కల పుస్తకాలు దింపించాడు. భార్య కూడా కూర్చుంది. అడ్వాన్సుల పుస్తకంలో రేకులక్క పేరు ఒక్క చోట కూడా లేదు. ఇన్నాళ్లూ అది ఆవిడ గొప్పతనమని చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ ఖాళీ ఇంకోలా కనిపించింది.

మర్నాడు పొద్దున్నే పుస్తకాలు సంచీలో వేసుకుని ఆవిడ ఇంటికి బయల్దేరాడు. రామాలయం దాకా వెళ్లాక ఆగిపోయాడు. ఎటు తిరగాలో తెలియలేదు. ఇరవై రెండేళ్లలో ఆ ఇంటికి ఎప్పుడూ వెళ్లలేదు. తన ఇంటి మనిషి ఇల్లెక్కడో అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆవిడ కంగారుపడి నులకమంచం వాల్చింది. షావుకారు పుస్తకాలు తీసి, "నువ్వే చూడు అక్కాయ్" అన్నాడు.

"నాకు చదువు రాదు కదండీ. మీరు చదవండి, ఇంటాను."

ఏడాది ఏడాదీ చదివాడు. మొదటి ఏడు ఇంత, మూడో ఏడు ఇంత. మధ్యలో ఆవిడ ఆపింది. "అక్కడ కాదండి. తుపానొచ్చిన యేడు నూటికి పది తగ్గించారు. కొట్లోకి నీళ్లొచ్చేసినియ్యి కదా, సద్దుకున్నాక కలుపుతానన్నారు. కలపలేదండి." పుస్తకంలో వెతికితే ఉంది. చిన్న అక్షరాలతో, అంచున. ఇంకో చోట కూడా ఆపింది. ఇరవై రెండేళ్ల రేట్లు ఆవిడకి నోటికి వచ్చు.

షావుకారు పుస్తకం మూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ అడగలేదన్నది నిజమే. మర్చిపోయిందని ఆయన ఎందుకనుకున్నాడో ఆయనకే తెలియలేదు.

ఆ వారమే కోత పడిన పది రూపాయలూ లెక్కగట్టి ఇచ్చాడు. రేటు కొత్తవాళ్లతో సమానం చేసి, పైన పిండి చూసినందుకు, పని నేర్పినందుకు నెలకి విడిగా ఇంత అని రాశాడు. ఆవిడ తీసుకుంది. మర్నాడు బియ్యం బస్తాలు రెండు తిప్పి పంపించింది. ఆ సంక్రాంతికి రేకులు విరగలేదు.

ఐదు గంటలకి మాత్రం ఇప్పటికీ మంట ఆర్పేస్తుంది. షావుకారు ఏమీ అనడు.

కథ అయింది. ఇక నీతి.

షావుకారు చెడ్డవాడు కాదు, అందుకే ఈ కథ చెప్పాను. కూలి ఎగ్గొట్టేవాడి గురించి నీతి కథ అక్కర్లేదు, వాడికి పోలీసు స్టేషనో లేబర్ ఆఫీసో ఉంది. ఇతనిది వేరే జబ్బు. అడిగినవాళ్లకి ఇస్తాడు. దాంతో అతని కొట్లో డబ్బు గొంతున్నవాళ్ల వైపు పోతుంది, పనున్నవాళ్ల వైపు కాదు. "అడగందే అమ్మైనా పెట్టదు" అన్న సామెత బిడ్డకి చెప్పే బుద్ధి: నోరు తెరువు, అడుగు అని. అమ్మకి ఇచ్చిన సెలవు చీటీ కాదది. అమ్మ సంగతి చెప్పే సామెత ఇంకోటి ఉంది, తల్లి కడుపు చూస్తుందని. దాని రెండో సగం పెళ్లాల మీద నింద, దాన్ని వదిలేద్దాం. యజమానులు తమకి ఏ సామెత వర్తిస్తుందో తప్పుగా ఎంచుకుంటారు.

చిన్న వ్యాపారాల్లో నాకు అన్నిటికన్నా అనుమానం కలిగించే మాట "మా ఇంటి మనిషి". బట్టల కొట్టు గుమాస్తా, మెకానిక్ షెడ్డులో పెద్ద మేస్త్రి, హోటల్లో వంటమాస్టరు, మందుల షాపులో ఇరవై ఏళ్లుగా ఉన్న కాంపౌండరు, అందరూ ఇంటి మనుషులే. ఇంటి మనిషికి వాటా ఉంటుంది, ఆ వాటా వీళ్లకి లేదు. జీతానికి పనిచేసే మనిషికి ఖరారైన జీతం, ఓవర్‌టైం, సెలవు ఉంటాయి, "మనలో మనకి లెక్కలేంటి" అనేసరికి అవీ పోతాయి. ఆ మాట ఆప్యాయంగానే అంటారు. ఆప్యాయత నిజమే అయినా సరే, ఆ మనిషి వాటాల పుస్తకంలోనూ జీతాల పుస్తకంలోనూ లేకుండా పోతుంది.

రేకులక్క తెల్లవారుజామున పిండి ముట్టుకు చూసే పనికి ధర లేదు. ధర లేని పని ఉచితమని షావుకారు అనుకున్నాడు. కౌటిల్యుడు ఈ విషయంలో చాలా ఖచ్చితమైన మనిషి. కూలి ముందు మాట్లాడుకోకుండా పని చేయించుకుంటే ఏం చేయాలో అర్థశాస్త్రంలో రాశాడు: సేద్యం చేసినవాడికి పంటలో పదో వంతు, పశువులు కాచినవాడికి నెయ్యిలో పదో వంతు, సరుకు అమ్మిపెట్టినవాడికి సరుకులో పదో వంతు. మాట అనుకోలేదు కాబట్టి ఏమీ లేదు అనే దారిని మూసేశాడు. మా షావుకారుకి నెయ్యిలో పదో వంతు అంటే ప్రాణం పోతుంది, అది వేరే విషయం.

కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లకన్నా ఎక్కువ ఇవ్వడం దురాశతో జరగదు. కొత్త మనిషి కావాలంటే బజారు రేటు అడిగి తెలుసుకోక తప్పదు. పాత మనిషి రేటు మాత్రం చేరిన రోజు ఏదో ఒకటి అనుకుని, దాని మీద ఐదూ పదీ కలుపుతూ వస్తారు. బజారు ఎక్కడికో పోతుంది, ఆ మనిషి పాత ధర దగ్గరే ఉండిపోతుంది. పెద్ద కంపెనీల్లో కూడా ఇదే తంతు. కాకపోతే అక్కడివాళ్లు ఉద్యోగం మారి బజారు రేటు అందుకుంటారు. కుండెక్కించిన కొట్టని ఉండిపోయినవాళ్లు ఉండిపోయినందుకే నష్టపోతారు. కొత్తవాళ్లకి రేటు చెప్పే రోజునే, చెప్పే ముందే, పాతవాళ్లని పిలిచి వాళ్ల రేటు సరిచేయడం ఒక్కటే నాకు తెలిసిన మందు. శనివారం బట్వాడాలో వినే దాకా ఉంచకూడదు.

చట్టం మాట. ఏళ్ల తరబడి చేసిన పనికి విలువ ఎలా కట్టాలో మన దేశంలో 1972 గ్రాట్యుటీ చట్టం లెక్క చెప్పింది. పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట, మామూలుగా ఐదేళ్లు నిండిన మనిషికి, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున వెళ్లేటప్పుడు ఇవ్వాలి. నెలని ఇరవై ఆరు పనిరోజులుగా లెక్కేస్తారు. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ పదిహేను రోజుల లెక్కని ఉంచింది. నూటికి ఇంత అని పీసు రేటు మీద చేసేవాళ్లకి ఇది వర్తించదని చాలామంది షావుకార్లు నమ్మకంగా చెబుతారు. తప్పు. వాళ్లకి ఆఖరి మూడు నెలల సంపాదన సగటు తీసి రోజు కూలి కడతారు. నెలకి సగటున 13,000 వచ్చే మనిషికి పదిహేను రోజులంటే 7,500. ఇరవై రెండేళ్లకి 1,65,000. ఈ డబ్బు దానం కాదు, ఇన్నేళ్లూ యజమాని దగ్గర దాచిన ఆ మనిషి సొమ్మే. బోనసు సంగతీ ఇంతే. 1965 చట్టం చెప్పిన కనీస బోనసు 8.33 శాతం అంటే వింత అంకెలా ఉంటుంది గాని, పన్నెండో వంతు అది. పన్నెండు నెలల పనికి పదమూడో నెల జీతం లాంటిది. దసరాకి చీర పెట్టడం మంచిదే, చీర వేరు, ఇది వేరు.

అయితే ఇలాంటి చట్టాలు వర్తించడానికి అంకెలున్నాయి. గ్రాట్యుటీకి పది మంది, ఈఎస్‌ఐకి మామూలుగా పది మంది, పీఎఫ్‌కి, బోనసుకి ఇరవై మంది. అందుకే మన బజార్లలో రిజిస్టరులో తొమ్మిది పేర్లు, కొట్లో పదమూడు మంది ఉండటం అంత వింత కాదు. ఆ మిగిలిన నలుగురూ ఎవరని అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు. మా ఇంటి మనుషులండి!

నిజంగానే ముగ్గురో నలుగురో ఉన్న కొట్లని ఈ చట్టాలు ఏమీ అడగవు. అక్కడ అన్నీ ఇవ్వడం కష్టమే, నేనూ ఒప్పుకుంటాను. పండగ సీజను పోయాక నెలలకి నెలలు బేరాలుండవు, నెయ్యి ధర కొన్నవాళ్లకే తెలుస్తుంది. అలాంటి కొట్టువాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఏడాదికి ఒక రోజు, ఉగాదో దసరాయో, పుస్తకం ముందు పెట్టుకుని ప్రతి మనిషితో విడిగా కూర్చోవడం. వెనకటి రోజుల్లో పాలేరుని కుదుర్చుకునేటప్పుడు ఏడాదికి ఇన్ని బస్తాలు, ఇన్ని బట్టలు, ఒక జత చెప్పులు అని మాట్లాడుకునేవారు. ఆ పద్ధతిలో దోపిడీ చాలా ఉంది, దాన్ని పొగడను. కాని ఏడాదికోసారి ఆ మాట పైకి వచ్చేది. మన ఇంటి మనుషులకి ఇరవై రెండేళ్లలో ఆ ఒక్క రోజు కూడా రాదు. పెంచలేని ఏడు పెంచలేనని ఆ రోజు చెప్పొచ్చు. వింటారు. తుపాను ఏడు నూటికి పది తగ్గిస్తానంటే రేకులక్క వాదించలేదు, కొట్లోకి వచ్చిన నీళ్లు ఆవిడా చూసింది. "అలాగేనండి" అని కుండ తుడుచుకుంది. ఆ పది రూపాయలూ కలపాల్సిన ఏడు వచ్చి వెళ్లిపోయిన సంగతి షావుకారుకి ఎవరూ చెప్పలేదు. పుస్తకం మాత్రం అటక మీదే ఉంది.